బుద్ధిమంతురాళ్ళ తిరుగుబాటు

"అత్తా, ఇది నీ కథే, చూడు" అంటూ మా మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్నల్లా చేతులు తుడుచుకుని కళ్ళజోడు తగిలించుకున్నాను. తీరా చూద్దును కదా, తెర నిండా అమెరికా వాళ్ళు! పొట్టి గౌన్లు, గుప్పుగుప్పుమని సిగరెట్లు, టకటకలాడే టైపు మిషన్లు. ఊరు న్యూయార్కు.

"నా కథేమిటే, నీ మొహం! నేను బొంబాయి దాటి ఎరగను" అన్నాను.

"ముందు చూడు, తరవాత మాట్లాడు" అంది.

మొత్తం పది భాగాలు. మూడు రాత్రుళ్ళలో చూసేశాను. నాలుగో రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నాటకంలో ఏది కల్పనో, ఏది నిజమో తేల్చుకుందామని కూర్చుంటే నాటకాన్ని మించిన కథ బయటపడింది. అది మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు.

ఆ సీరియల్ పేరు 'గుడ్ గర్ల్స్ రివోల్ట్'. 2016 అక్టోబరులో అమెజాన్ వాళ్ళు విడుదల చేశారు. పేరుని తెలుగు చేస్తే 'మంచి అమ్మాయిల తిరుగుబాటు' అనాలి. నాకు మాత్రం 'బుద్ధిమంతురాళ్ళ తిరుగుబాటు' అంటేనే అతికినట్టుంది. మన ఇళ్ళలో ఆడపిల్లకి దొరికే పెద్ద బిరుదు అదే కదా! చెప్పినట్టు వింటుంది, ఎదురు చెప్పదు, అంచేత బుద్ధిమంతురాలు. ఆ బిరుదు మనకే ఇచ్చారనుకున్నాను ఇన్నాళ్ళూ. అమెరికాలోనూ పంచిపెట్టారన్నమాట.

సీరియల్లో పత్రిక పేరు 'న్యూస్ ఆఫ్ ది వీక్'. పేరు మార్చారు గానీ అసలుది 'న్యూస్‌వీక్'. 1933లో పుట్టిన వారపత్రిక. 1961లో వాషింగ్టన్ పోస్టు వాళ్ళు కొన్నారు. పౌరహక్కుల పోరాటాల గురించీ, వియత్నాం యుద్ధం గురించీ గట్టిగా రాసిందని, ఉదారభావాలున్న పత్రిక అని దానికి పేరు. ఊళ్ళో అన్యాయాలన్నీ చూడగలిగిన ఆ పత్రిక కంటికి తన ఆఫీసులో జరిగేది మాత్రం ఆనలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

ఇంతకీ అక్కడ జరిగేదేమిటంటే, వార్తా వారపత్రికల్లో పని ఒక పద్ధతిలో నడిచేది. ఊరూరా ఉన్న విలేఖరులు సమాచారం పంపుతారు. న్యూయార్కు ఆఫీసులో కూర్చున్న రచయిత వాటన్నిటినీ కలిపి వ్యాసంగా అల్లుతాడు. ఆ వ్యాసంలో ప్రతి పేరూ, ప్రతి తేదీ, ప్రతి అంకే నిజమో కాదో చూసి సరిదిద్దే పని పరిశోధకురాలిది. రాసేవాడు మగవాడు, సరిచూసేది ఆడది. అలాగని రూలు పుస్తకంలో ఎక్కడా లేదు. కానీ అందరికీ తెలుసు. 1970 నాటికి ఆ పత్రికలో 52 మంది రచయితలుంటే అందులో స్త్రీ ఒక్కతే. పరిశోధకులు దాదాపు అందరూ స్త్రీలే. వ్యాసంలో తప్పు దొర్లితే మాట పడేది సరిచూసినమ్మాయి. మెప్పు వస్తే రాసినాయనకి.

పోనీ, ఆ అమ్మాయిలు చదువు తక్కువ వాళ్ళా అంటే అదీ కాదు. పేరుమోసిన కాలేజీల్లో మంచి మార్కులతో పాసయినవాళ్ళు. వాళ్ళతో పాటు అదే చదువు చదివిన కుర్రాడు వస్తే రిపోర్టరుగానో రచయితగానో తీసుకునేవారు. అమ్మాయి వస్తే ఉత్తరాలు పంచే పని, లేదా పాత పత్రికల్లోంచి వార్తలు కత్తిరించి దాచే పని. కొన్నాళ్ళు అలా చేస్తే, పరిశోధకురాలిగా 'ప్రమోషను'. ఆ పైన ఆకాశమే. ఆకాశమంటే మరేం కాదు, పైకప్పు.

నోరా ఎఫ్రాన్ పేరు మీలో సినిమాలు చూసేవాళ్ళకి తెలిసే ఉంటుంది. 'వెన్ హ్యారీ మెట్ శాలీ' కథ రాసింది ఆవిడే. ఆవిడ 1962లో చదువు ముగించి న్యూస్‌వీక్‌లో ఉద్యోగానికి వెళ్ళింది. ఇక్కడెందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే, రచయిత్రిని కావాలని ఉందని చెప్పింది పాపం, ఉన్నమాట. ఈ పత్రికలో ఆడవాళ్ళు రచయితలు కారమ్మా అని చెప్పి ఉత్తరాలు పంచే పని ఇచ్చారు. ఆవిడ ఎక్కువకాలం ఉండలేదు. మరో పత్రికకి వెళ్ళి, రాసి, పేరు తెచ్చుకుంది. అదే ఆఫీసులో పనిచేసి బయటికెళ్ళాక పేరు తెచ్చుకున్న వాళ్ళలో ఎల్లెన్ గుడ్‌మన్, జేన్ బ్రయంట్ క్విన్, సూజన్ బ్రౌన్‌మిల్లర్ కూడా ఉన్నారు. అంటే చూడండి, ఎవరు గడప దాటితే వాళ్ళు రచయిత్రులయ్యారు. లోపం అమ్మాయిల్లో ఉందా, గడపలో ఉందా?

సీరియల్లో నోరాని 1969లో ఆ ఆఫీసులో చూపిస్తారు. అప్పటికి ఆవిడ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నాటకం వాళ్ళు కథ కోసం కాలాన్ని అలా ముందుకి జరిపారు. ప్యాటీ, జేన్, సిండీ అని మిగతా ముగ్గురు నాయికలూ కల్పితాలే. నాటకం కాబట్టి క్షమించేద్దాం. మన పురాణ సినిమాల్లో ఎన్ని క్షమించలేదు!

ఇహ అసలు కథకి వస్తాను.

1964లో అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లవాళ్ళ హక్కుల కోసం జరిగిన పెద్ద పోరాటం తెచ్చిన చట్టమది. అందులో ఏడో అధ్యాయం ఉద్యోగాల గురించి. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడాలు చూపించకూడదని దాని సారాంశం. అది సభలో చర్చకి వచ్చినప్పుడు వర్జీనియాకి చెందిన హోవర్డ్ స్మిత్ అనే సభ్యుడు లేచి, 'స్త్రీ పురుష భేదం' అన్నది కూడా ఆ జాబితాలో చేర్చమన్నాడు. ఆయన ఆ చట్టానికి బద్ధవిరోధి. బిల్లుని ముంచడానికి చేశాడో, నిజంగానే చేశాడో అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. సభలో మాత్రం నవ్వులు! మగ సభ్యులు పొట్టలు పట్టుకుని నవ్వారట. అప్పుడు మార్తా గ్రిఫిత్స్ అనే సభ్యురాలు లేచి, ఆడవాళ్ళకి ఈ దేశంలో రెండో రకం బతుకే అనడానికి వేరే రుజువు అక్కర్లేదు, మీ నవ్వే చాలునని చురక వేసింది. నవ్వులు ఆగాయి. మాట చేరింది. చట్టం అయింది.

చట్టం అయితే అయింది గానీ ఆఫీసులో అమ్మాయిలకి ఎవరు చెప్పొచ్చారు? ఆరేళ్ళ పాటు అది పుస్తకంలోనే ఉంది. మన బీరువాలో పట్టుచీరలా, ఉందని తెలుసు, కట్టే సందర్భమే రాలేదు.

న్యూస్‌వీక్‌లో జూడీ గింగోల్డ్ అనే పరిశోధకురాలు ఉండేది. మార్షల్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్ళి చదివొచ్చిన మనిషి. ఆ చదువుతో వచ్చి మగవాళ్ళు రాసిన వ్యాసాల్లో తేదీలు దిద్దుతోంది. ఓ రోజు మాటల్లో న్యాయవాది అయిన స్నేహితురాలితో తన ఉద్యోగం సంగతి చెబితే, మీ ఆఫీసులో జరిగేది చట్టవిరుద్ధం తెలుసా అందామె. జూడీకి నమ్మకం కుదరలేదు. మా వాళ్ళకి తెలియక చేస్తున్నారేమో, చెబితే సరిదిద్దుకుంటారేమో అనుకుంది. బుద్ధిమంతురాలు కదా మరి! చివరికి ఉద్యోగాల్లో సమానావకాశాలు చూసే ప్రభుత్వ కమిషన్‌కి ఫోను చేసి అడిగితే, వాళ్ళూ అదే మాట చెప్పారు.

ఆ తరవాత ఆవిడ చేసిన పనే నన్ను కట్టిపడేసింది. ఉపన్యాసం ఇవ్వలేదు. జెండా పట్టుకోలేదు. పక్క సీటు అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయి నమ్మకమైన మరో అమ్మాయికి చెప్పింది. ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అని ఆచితూచి, మొహం కడుక్కునే గదిలో గుసగుసలాడుకున్నారు. ఒకరి ఇంట్లో ఒకరోజు, మరొకరి ఇంట్లో మరొకరోజు కలుసుకున్నారు. అలా ఒకరూ ఇద్దరూ కలిసి 46 మంది అయ్యారు. అందులో లిన్ పోవిచ్ ఒకావిడ. 1965లో పారిస్ ఆఫీసులో సెక్రటరీగా చేరిన మనిషి. ఈ సంగతులన్నీ ఆవిడే 2012లో పుస్తకంగా రాసింది. సీరియల్ ఆ పుస్తకంలోంచే పుట్టింది.

వాళ్ళకి దొరికిన న్యాయవాది ఎలినార్ హోమ్స్ నార్టన్. నల్లజాతి స్త్రీ. పౌరహక్కుల ఉద్యమంలో రాటుదేలిన మనిషి. అప్పుడావిడ గర్భవతి కూడా. ఇన్ని చదువులు చదివిన మీరు ఇంత భయపడతారేమిటని ఆవిడ ఈ అమ్మాయిలని మందలించిందట. మందలించదూ మరి! ప్రాణాలకి తెగించి ఓటు హక్కు అడిగిన వాళ్ళని చూసొచ్చింది. వీళ్ళేమో మా ఎడిటరు గారు నొచ్చుకుంటారేమోనని దిగులుపడుతున్నారు.

ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. ఆ ఆఫీసులో ఉన్న కొద్దిమంది నల్లజాతి పరిశోధకురాళ్ళు ఈ ఫిర్యాదులో చేరలేదు. వాళ్ళ పోరాటం వాళ్ళకి వేరే ఉంది. పైగా తెల్లమ్మాయిలు తమ మంచిచెడ్డలు తాము మాట్లాడుకున్నారే గానీ వీళ్ళని ముందునించీ కలుపుకుపోలేదు. వాదించడానికి నల్లజాతి న్యాయవాది దొరికింది గానీ పక్క సీట్లో నల్లజాతి స్నేహితురాలు లేకపోయింది. ఉద్యమాలన్నీ నున్నగా పాలరాతి మీద చెక్కినట్టుండవు. అందుకే ఈ ముక్క దాటేస్తే చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

సరే, అదను రావాలి కదా. వచ్చింది. అదీ ఎడిటర్ల చేతుల మీదుగానే! దేశమంతా స్త్రీల ఉద్యమం మార్మోగుతోంది కాబట్టి దాని మీద ముఖచిత్ర కథనం వెయ్యాలని పెద్దలు తీర్మానించారు. స్త్రీల గురించి కాబట్టి స్త్రీ రాస్తే బావుంటుందన్నారు. బానే ఉంది. కానీ రాసే స్త్రీ ఏదీ? తమ ఆఫీసులో ఇంతమంది ఆడవాళ్ళుండగా వాళ్ళలో ఎవరూ పనికిరారని, బయటినించి హెలెన్ డ్యూడర్ అనే పాత్రికేయురాలిని పిలిపించి రాయించారు. ఆవిడ భర్త అదే పత్రికలో రచయిత. ఇంట్లో వండిపెట్టే కోడలుండగా పెళ్ళికి వంటమనిషిని తెప్పించి, ఆ కోడలి చేతే కూరలు తరిగించినట్టయింది. ఎందుకంటే ఆ వ్యాసంలో అంకెలూ పేర్లూ సరిచూడాల్సింది మళ్ళీ ఈ అమ్మాయిలేగా!

1970 మార్చి 16, సోమవారం. 'వుమెన్ ఇన్ రివోల్ట్' అని అట్ట మీద అచ్చేసుకుని ఆ సంచిక బజార్లోకి వచ్చింది. అదే రోజు, అదే ఊళ్ళో, ఆ పత్రిక ఉద్యోగినులు 46 మంది పాత్రికేయుల సమావేశం పెట్టి, మా పత్రిక మా పట్ల వివక్ష చూపిస్తోందని ప్రభుత్వ కమిషన్‌కి ఫిర్యాదు చేశామని ప్రకటించారు. అట్ట మీద తిరుగుబాటు, ఆఫీసులో తిరుగుబాటు! ఏ కథకుడైనా ఇలా రాస్తే, మరీ అంత కలిసొచ్చేస్తుందా అని ఎడిటర్లు కథ తిప్పి పంపుతారు.

పత్రిక యజమానురాలు కేథరిన్ గ్రాహం. భర్త ఆత్మహత్య చేసుకున్నాక 1963లో మొత్తం సంస్థ భారం నెత్తిన వేసుకున్న మనిషి. సంగతి ఫోనులో చెప్పగానే, నేనిప్పుడు ఎవరి పక్షాన ఉండాలి అని అడిగిందట. ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొదట కోపం వచ్చింది. ఆ తరవాత జాలి వేసింది. తను పాల్గొనే పెద్ద పెద్ద సమావేశాల్లో చుట్టూ మగవాళ్ళే, తనొక్కతే ఆడది. ఏం మాట్లాడితే ఏమనుకుంటారో అని బిక్కుబిక్కుమంటూ నెట్టుకొచ్చానని ఆవిడే తన ఆత్మకథలో ఒప్పుకుంది. అత్తగారి కుర్చీలో కూర్చున్నా కోడలి భయం పోలేదన్నమాట.

ప్రధాన సంపాదకుడు ఆస్బర్న్ ఇలియట్ ఇచ్చిన సంజాయిషీ మరీ ముచ్చటైంది. పరిశోధకులంతా ఆడవాళ్ళే కావడం దాదాపు యాభై ఏళ్ళుగా వార్తాపత్రికల్లో వస్తున్న సంప్రదాయమట! నాకు నవ్వొచ్చింది. సంప్రదాయం అన్న మాట మన సొత్తనుకున్నాను. అక్కడా అన్ని తాళాలకీ అదే తాళంచెవి.

ఆ ఆగస్టులో రాజీ ఒప్పందం కుదిరింది. స్త్రీలకి అవకాశాలిస్తామని యాజమాన్యం సంతకం పెట్టింది. అక్కడితో శుభం కార్డు పడిందనుకుంటున్నారా? రాయగలరో లేదో చూస్తామని అమ్మాయిలకి పరీక్షలు పెట్టారు. దిద్దేవాళ్ళు ఎవరు? పాత మగ ఎడిటర్లే. నెగ్గినవాళ్ళు బహు తక్కువ. ఏళ్ళ తరబడి 'నీకు చేతకాదు' అని చెప్పి, ఒక్కరోజున కాగితం చేతికిచ్చి 'రాయి చూద్దాం' అంటే కలం వణకదూ! రెండేళ్ళు చూసి, 1972లో మళ్ళీ ఫిర్యాదు చేశారు. ఈసారి హారియట్ రాబ్ అనే న్యాయవాది నడిపించింది. 1973లో కుదిరిన రెండో ఒప్పందంలో వట్టి మాటలు కాక, ఎంతమందిని తీసుకోవాలి, ఎప్పటిలోగా తీసుకోవాలి అని లెక్కలు రాయించారు. 1975లో లిన్ పోవిచ్ ఆ పత్రిక మొట్టమొదటి మహిళా సీనియర్ ఎడిటరు అయింది.

ఈలోగా ఈ నిప్పురవ్వ పక్కిళ్ళకీ పాకింది. 'టైమ్' పత్రిక స్త్రీలు 1970లోనే ఫిర్యాదు చేశారు. 'న్యూయార్క్ టైమ్స్' స్త్రీలు 1974లో కోర్టుకెక్కారు. దేశానికి నీతులు చెప్పే పత్రికలన్నీ వరసగా తలుపులు తెరవాల్సి వచ్చింది.

అయితే ఆ 46 మందిలో చాలామందికి దాని ఫలం దక్కలేదు. కొందరు వెళ్ళిపోయారు, కొందరి వయసు దాటిపోయింది, కొందరిలో ధైర్యం అప్పటికే చచ్చిపోయింది. చెట్టు నాటిన వాళ్ళు వేరు, పండు తిన్నవాళ్ళు వేరు.

జీతాలూ, పదవుల సంగతి ఇదయితే, సీరియల్లో మరో సంగతి కూడా కనిపిస్తుంది. భుజం మీద చెయ్యి, వెకిలి మాట, రాత్రి పొద్దుపోయాక 'నేను దింపుతాలే' అనడం. అమ్మాయిలు నవ్వి ఊరుకుంటారు. ఎందుకంటే ఆ రోజుల్లో దానికో పేరే లేదు. 'లైంగిక వేధింపు' అన్న మాట అమెరికాలో 1975 ప్రాంతాల్లో వాడుకలోకి వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే కార్మిటా వుడ్ అనే ఆవిడ, పైవాడి చేష్టలు భరించలేక ఉద్యోగం మానేసింది. నిరుద్యోగ భృతి అడిగితే, నీ సొంత కారణాల వల్ల మానేశావు కాబట్టి ఇవ్వమన్నారు. ఆవిడకి అండగా నిలబడ్డ స్త్రీలు కూర్చుని, ఈ బాధకి ఏం పేరు పెట్టాలని ఆలోచించి ఆ మాట తెచ్చారు. జబ్బుకి పేరు తెలిస్తే సగం వైద్యం అయినట్టే అంటారు. అది చట్టవిరుద్ధమైన వివక్షేనని అక్కడి సుప్రీంకోర్టు చెప్పడానికి 1986 దాకా పట్టింది. మిషెల్ విన్సన్ అనే బ్యాంకు ఉద్యోగిని వేసిన కేసది.

మన దేశంలో ఆ పేరు సుప్రీంకోర్టు నోట వినబడింది 1997లో, విశాఖ తీర్పుతో. దాని వెనక రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయి 1992లో దారుణానికి గురైన భన్వరీదేవి ఉంది. మన చట్టం 2013లో వచ్చింది.

టెలివిజన్ మాత్రం ఈ సంగతులు చాన్నాళ్ళ నించీ నవ్విస్తూ చెబుతూనే ఉంది. 1970లోనే మొదలైన 'మేరీ టైలర్ మూర్ షో'లో మేరీ ఓ టీవీ వార్తల ఆఫీసులో పనిచేస్తుంది. 1972లో వచ్చిన ఓ భాగంలో, తన సీట్లో ఇదివరకు పనిచేసినాయనకి తనకంటే ఎక్కువ జీతం ఇచ్చేవారని తెలిసి వెళ్ళి అడుగుతుంది. ఆయనకి సంసారం ఉందమ్మా అంటాడు పై అధికారి. 2007 నించి 2015 దాకా వచ్చిన 'మ్యాడ్ మెన్' అరవైల నాటి ప్రకటనల కంపెనీలో ఈ భాగోతమంతా నవ్వు తీసేసి చూపించింది. 2019లో మొదలైన 'ది మార్నింగ్ షో' నేటి టీవీ వార్తల గదిలో జరిగేది చూపించింది.

ఇహ మన బుద్ధిమంతురాళ్ళ సీరియల్ గతి వినండి. విడుదలై నెల తిరిగిందో లేదో, 2016 డిసెంబరులో రెండో విడత లేదని అమెజాన్ వాళ్ళు ఆపేశారు. బావుందని చూసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. సరిగ్గా ఫిర్యాదు చేసే ఘట్టానికి కథ వచ్చేసరికి మొదటి విడత అయిపోయింది. ఆ తరవాతి కథకి తెర లేవలేదు. మరుసటేడు, 2017 అక్టోబరులో, అదే స్టూడియో అధిపతి మీద ఓ మహిళా నిర్మాత లైంగిక వేధింపు ఆరోపణ చేసింది. కొద్దిరోజుల్లో ఆయన రాజీనామా చేశాడు. దానికీ దీనికీ ముడి ఉందని నేననను. కానీ ఆఫీసులో ఆడవాళ్ళ అవస్థ గురించిన నాటకం ఆడాలా వద్దా అని తేల్చే కుర్చీలో ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్న మటుకు నన్ను వదల్లేదు.

మరో తమాషా. సీరియల్లో నోరా ఎఫ్రాన్‌గా నటించిన గ్రేస్ గమ్మర్ సాక్షాత్తూ మెరిల్ స్ట్రీప్ కూతురు. ఆ తల్లి 1986లో నోరా తన జీవితంలోంచి రాసుకున్న కథతో తీసిన 'హార్ట్‌బర్న్'లో నటించింది. 2017లో 'ది పోస్ట్' సినిమాలో కేథరిన్ గ్రాహంగా నటించింది. అంటే కూతురు ఉద్యోగిని, తల్లి యజమానురాలు! ఒకే ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి.

2010లో జరిగిన సంగతి ఇంకోటి ఉంది. న్యూస్‌వీక్‌లోనే పనిచేస్తున్న ముగ్గురు కుర్ర పాత్రికేయురాళ్ళు, మా వ్యాసాలు వెనక్కి నెడుతున్నారు, మాతో చేరిన అబ్బాయిలు ముందుకెళ్తున్నారు, లోపం మాలోనే ఉందేమో అని మథనపడుతుంటే, నలభై ఏళ్ళ కిందట ఇదే ఆఫీసులో ఆడవాళ్ళు దావా వేశారని ఎవరో చెప్పారట. వాళ్ళు తెల్లబోయారు. తాము కూర్చున్న కుర్చీలు ఎవరు గెలిచి ఇచ్చారో ఆ పిల్లలకి తెలియదు! వెతికి, ఆ పెద్దవాళ్ళని కలుసుకుని, నలభై ఏళ్ళలో మనం ఎంత దూరం వచ్చామని అదే పత్రికలో వ్యాసం రాశారు.

ఇక్కడిదాకా చదివి చెబితే, మా మేనకోడలు చల్లగా అడిగింది. "మరి నువ్వెందుకు మాట్లాడలేదత్తా?"

అది అడగడానికే నా చేత ఈ సీరియల్ చూపించిందని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

నేను ఆఫీసులో పాతికేళ్ళ పైచిలుకు పనిచేశాను. ఏటేటా పై ఆఫీసుకి వెళ్ళే రిపోర్టు నేను రాసేదాన్ని. కింద సంతకం మా ఆఫీసరుది. ఓసారి పెద్దాయన తనిఖీకి వచ్చి, రిపోర్టు ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉందని మా ఆఫీసరుని మెచ్చుకుంటుంటే, ఆ గదిలోకి కాఫీ కప్పులు తీసుకెళ్ళింది నేనే. ఇది మా మేనకోడలికి చాలాసార్లు నవ్వుతూ చెప్పాను. అందుకే "నీ కథే" అంది.

దానికి చెప్పని కథ ఒకటుంది. ఆ రోజు చెప్పాను.

నా పక్క సీట్లో కొత్తగా ఓ అమ్మాయి చేరింది. తండ్రి లేని పిల్ల. ఇల్లు గడిచేది దాని జీతంతోనే. ఆఫీసరు సాయంత్రాలు అందరూ వెళ్ళాక దాన్ని ఫైళ్ళతో లోపలికి పిలిచేవాడు. ఓ రోజు ఏడుస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేనేమన్నానో తెలుసా? "సర్దుకుపోవాలమ్మా. బయటికొస్తే చెడ్డపేరు నీకే" అన్నాను. ప్రేమగానే అన్నాను. దాని మంచికే అన్నాననుకున్నాను. మూడు నెలలకి అది ఉద్యోగం మానేసింది. వీడ్కోలు కూడా ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు కూడా రిపోర్టు నేనే రాశాను. 'ఒక ఉద్యోగిని సొంత కారణాల వల్ల రాజీనామా' అని అందులో చక్కటి ఇంగ్లీషులో రాసింది ఈ చేత్తోనే.

కార్మిటా వుడ్ గారికి పైవాళ్ళు చెప్పిన మాటా అదే. సొంత కారణాలు. చదివినప్పుడు గుండె గుభేలుమంది.

నా కాలంలో చట్టం లేదు, కమిటీ లేదు, ఆ బాధకి పేరు లేదు అని సమర్థించుకోవచ్చు. కానీ జూడీ గింగోల్డ్ మొదట చేసిన పనికి చట్టం అక్కర్లేదు. పక్క సీటు వైపు తిరిగి, "నీక్కూడానా?" అని అడగడం. అంతే. ఆ అమ్మాయి నన్ను అడిగింది. నేనే జవాబు మార్చి చెప్పాను. ఆ గదిలోకి ఫైళ్ళు పట్టుకుని అంతకుముందు వెళ్ళినదాన్ని కదా, నాకు తెలియదా?

మా మేనకోడలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చిక్కుడుకాయల పళ్ళెం తన ముందుకి లాక్కుని ఈనెలు తీస్తూ కూర్చుంది. కాసేపటికి, "మా ఆఫీసులో లిఫ్టు పక్కన నోటీసు అంటించారత్తా. కమిటీలో ఎవరెవరున్నారో పేర్లూ, ఫోను నంబర్లూ ఉన్నాయి. రోజూ దాని ముందే నించుంటాను. ఒక్కసారి కూడా చదవలేదు" అంది.

పదిమంది, ఆ పైన పనిచేసే ప్రతిచోటా అలాంటి కమిటీ ఉండాలని, దానికి స్త్రీయే అధ్యక్షురాలుగా ఉండాలని, సభ్యుల్లో కనీసం సగంమంది ఆడవాళ్ళుండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కాగితం మీద నాలుగు పేర్లు అచ్చు కావడానికి ఎంతమంది పేర్లు చెరిగిపోయాయో ఆ లిఫ్టు కోసం నించున్న వాళ్ళకి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు. మేం చెప్పలేదు మరి.

"రేపు వెళ్ళగానే చదువు" అన్నాను. "చదివి, నీ పక్క సీట్లో కొత్తగా చేరిన పిల్లకి కూడా చూపించు."

"చేరిందని నీకెలా తెలుసు?" అంది ఆశ్చర్యంగా.

"ఎప్పుడూ ఒకర్తి చేరుతూనే ఉంటుందే" అన్నాను.